పుంగనూరు తలుపుకు కుప్పం తాళంచెవి

మదనపల్లెలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో సర్వీసు కౌంటరు దగ్గర నేను పనిచేసినన్నాళ్ళూ జనం నన్ను రెండే ప్రశ్నలు అడిగారు. ఇది ఎందుకు చెడిపోయింది, ఇది ఎప్పుడు బాగవుతుంది. మిక్సీ తెచ్చినా, గీజరు తెచ్చినా, ఇన్వర్టరు తెచ్చినా ఈ రెండింటికీ ఏదో ఒక జవాబు ఉండేది. ఎలుక వైరు కొరికిందనో, బోరు నీళ్ళకు ఉప్పు పట్టిందనో, కరెంటు ఎక్కువై కాయిల్ కాలిందనో చెప్పేదాన్ని. వస్తువు నిక్షేపంగా ఉంది, దానికి ఏ రోగమూ లేదు, అయినా ఈ నెలాఖరు నుంచి పనిచేయదు అని చెప్పాల్సిన రోజు ఒకటి వస్తుందని మాత్రం నేను కలలో కూడా అనుకోలేదు.

ఇప్పుడు ఇలాంటి కౌంటర్ల వెనక కొత్తగా కూర్చుంటున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. బుద్ధులు చెప్పాలని కాదు. పని మానేసి ఇన్ని నెలలైనా ఆ సంగతి తలచుకుంటే నాకు ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. మంట ఎవరితోనైనా పంచుకుంటే కొంచెం తగ్గుతుందని ఆశ.

మా ఓనరు ఒకసారి తిరుపతిలో ఒక కంపెనీ వాళ్ళు పెట్టిన మీటింగుకు పోయి, పెద్ద హోటల్లో భోంచేసి వచ్చాడు. వచ్చీరాగానే, ఇకమీదట మామూలు స్విచ్చులకు కాలం చెల్లిందన్నాడు. వెంట ఒక తెల్ల డబ్బా తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. దాన్ని గోడకు పెట్టి ఇంటర్నెట్ ఇస్తే మన మాట విని లైటు వేస్తుంది, ఫ్యాను ఆపుతుంది, కిటికీ కర్టెను లాగుతుంది, తలుపు తాళం తీస్తుంది. మదనపల్లెలో డబ్బున్న ఇళ్ళవాళ్ళు ముచ్చటపడి కొన్నారు. వాళ్ళను చూసి మిగతావాళ్ళు కొన్నారు.

వాటిని బిగించే పని మా టెక్నీషియనుది. రోజూ సోమల నుంచి బైకు మీద వచ్చేవాడు. నన్ను అక్కా అని పిలిచేవాడు. చేతి పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ పాస్‌వర్డు, ఈమెయిలు అనే మాటలు వినబడితే ముఖం ఆముదం తాగినట్టు పెట్టేవాడు. డబ్బా పనిచేయాలంటే కొన్నవాళ్ళ పేరుతో కంపెనీ యాప్‌లో ఒక ఖాతా తెరవాలి. దానికి ఈమెయిలు కావాలి. మా వైపు ఇళ్ళలో ఈమెయిలు అడిగితే, "అది బ్యాంకులో ఉంటాదేమో అప్పా, పోయి కనుక్కోండి" అంటారు. ఈయన రెండు ఇళ్ళలో ఓపిక పట్టాడు. మూడో ఇంటికి వచ్చేసరికి ఒక ఉపాయం కనిపెట్టాడు.

షాపు ఈమెయిలుతో, తన ఫోను నంబరుతో ఒకే ఒక ఖాతా తెరిచాడు. ఆ ఖాతాలో ఒక ఇల్లు పెట్టుకోవచ్చు, ఇంట్లో ఎన్ని గదులైనా చూపించుకోవచ్చు. అంతే, ఒక్కొక్క కస్టమరు ఇంటిని ఒక్కొక్క గదిగా ఎక్కించుకుంటూ పోయాడు. హోటలు ఒక గది, కాంట్రాక్టరు బంగళా ఒక గది, మా ఓనరు ఇల్లు ఒక గది. కంపెనీ లెక్క ప్రకారం మదనపల్లె నుంచి పలమనేరు దాకా ఉన్నదంతా ఒకే ఇల్లు, ఆ ఇంటి యజమాని మా సోమల మనిషి.

"ఇదేం పద్ధతప్పా?" అని నేను అడిగితే, "అన్నీ ఒగ సోట ఉంటే రిపేరుకు మనకే సులువు గదక్కా. ఈడ కూసోనే సూడొచ్చు" అన్నాడు. నిజంగానే సులువుగా ఉండేది. రెండేళ్ళు ఆ సులువును అందరమూ అనుభవించాం. ఓనరైతే అతన్ని మెచ్చుకున్నాడు కూడా.

ఆ గదుల్లో ఒకటి పుంగనూరులో ఉండేది. దాని గురించే ఈ గొడవంతా.

ఆయన టమోటా లారీ నడిపేవాడు. మదనపల్లె మార్కెట్లో లోడు ఎత్తుకుని చెన్నైకి పోయేవాడు. ఒకసారి ఘాటులో లారీ బోల్తా పడింది. ప్రాణం దక్కింది కానీ మెడ కింద ఏదీ కదలదు. భార్య పాల డైరీలో ప్యాకింగు పనికి కుదిరింది. వాళ్ళింట్లో నెలజీతం అంటే ఆమె తెచ్చేదే. పొద్దున ఆయనకు అన్నీ చేసి పోతే మళ్ళీ సాయంత్రమే రావడం. మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చి అన్నం తినిపించి పోయేది.

డబ్బా లేని రోజుల్లో వాళ్ళకున్న పెద్ద చిక్కు తలుపు. బయట తాళం వేసి పోదామంటే, లోపల నిప్పంటుకున్నా మనిషి కదల్లేడు. తెరిచి పోదామంటే ఊరు ఊరంతా ఆ గదిలోనే. కోళ్ళూ కుక్కలూ సరే, వాటిని అదిలిస్తే పోతాయి. మనుషులు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఎట్లాంటోడు ఎట్లయిపాయెనో" అని ఆయన ఎదుటే నిట్టూర్చి, ఆయన చూస్తున్న టీవీ చానలు మార్చి, కాసేపు చూసి పోయేవాళ్ళట. తాళం బిగించిన రోజు నేనూ పోయాను, ఆయనే నాతో చెప్పాడు.

"నేను లేసి పొమ్మనలేను గదక్కా. కండ్లు మూసుకోని నిద్రపోయినట్టు పడుకుంటా. నిద్రపోతాండాడని ఇంగా దగ్గిరికొచ్చి సూస్తారు."

అందుకని బావమరిది ఆ డబ్బా, తలుపుకు తాళం, ఫ్యానుకు లైటుకు స్విచ్చులు పెట్టించాడు. డబ్బాకు వచ్చింది ఇంగ్లీషు ఒక్కటే. 'డోర్ ఓపెన్' అంటే గడియ తీసేది, 'డోర్ క్లోజ్' అంటే వేసేది. ఎవరు వచ్చినా ఆయన లోపలి నుంచి ఎవరని అడిగి, ఇష్టమైతే తెరిచేవాడు. మా కస్టమర్లందరిలో తలుపు తాళం పెట్టించుకున్నది ఆయన ఒక్కడే. మిగతావాళ్ళవి లైట్లూ కర్టెన్లూ.

ఒకరోజు ఆయన భార్య కౌంటరుకు ఫోన్ చేసింది.

"అక్కా, డబ్బా ఇంగ్లీషులో ఏందో సెప్తాండాది. ఫ్యాను ఏసే ముందర ఒగసారి, ఆపే ముందర ఒగసారి. మా ఆయన అడ్వర్టైజ్‌మెంట్ అంటాడు. నాకేమో బయమవతాండాది."

ఫోను డబ్బా దగ్గర పెట్టమన్నాను. ఆడగొంతు, తేనె పూసినట్టుంది. ఈ వస్తువుకు మా సేవలు ఈ నెలాఖరుతో ముగుస్తున్నాయి, ఇన్నాళ్ళు మాతో ఉన్నందుకు ధన్యవాదాలు అని చెబుతోంది. అప్పుడు పోయి షాపు ఈమెయిలు తెరిచాను. కంపెనీ ఉత్తరాలు కుప్పలుగా పడి ఉన్నాయి. ఆ మెయిలు నేను చూస్తానని ఓనరు అనుకున్నాడు, లెక్కలు రాసే ఆయన చూస్తాడని నేను అనుకున్నాను, ఆయన అసలు అలాంటిది ఒకటి ఉందనే అనుకోలేదు.

ఉత్తరం చదివాక గానీ, ఇన్నాళ్ళు మేం అమ్మింది ఏమిటో మాకే తెలియలేదు. పుంగనూరులో మంచం మీద మనిషి 'ఫ్యాన్' అంటే, ఆ మాట డబ్బాలోంచి ఎక్కడో ఉన్న కంపెనీ కంప్యూటరు దాకా పోయి, అక్కడ అనుమతి తీసుకుని, తిరిగి పుంగనూరు వచ్చి, ఆయన నెత్తి మీది ఫ్యాను తిప్పుతుందట. పాత డబ్బాల కోసం ఆ కంప్యూటరును నడపడం ఇక గిట్టుబాటు కాదట, ఆపేస్తారట. కావాలంటే కొత్త డబ్బా కొనుక్కోవచ్చు, తగ్గింపు ఇస్తారు. కొత్త డబ్బాకు పాత తాళం పనికిరాదు, పాత స్విచ్చులు పనికిరావు. డబ్బు పెట్టి కొన్న తలుపు గడియ పక్క రాష్ట్రంలోనో పక్క దేశంలోనో ఎవడి చేతిలోనో ఉందని కొనేటప్పుడు ఎవరు చెప్పారు? నాకు వచ్చిన కోపానికి కంపెనీ వాడు ఎదురుగా ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. ఎదురుగా ఉండడు కదా, అదే వాళ్ళ తెలివి.

ఉత్తరం అడుగున చిన్న అక్షరాల్లో ఒక దయ చూపించారు. గడువులోగా ఖాతాలోకి పోయి ఒప్పుకుంటున్నామని నొక్కితే చివరిసారిగా ఒక అప్‌డేట్ పంపుతారు. ఆ తర్వాత డబ్బా ఎవరి అనుమతీ అడగకుండా, ఇంటర్నెట్ లేకుండా, ఇంట్లోనే మాట విని పనిచేసుకుంటుంది. ఈ ఒక్క పని జరిగితే పుంగనూరు ఇంటికి ఢోకా లేదు. జరగకపోతే ఆమె ఉద్యోగం మానాలి, లేదా ఆయన మళ్ళీ తెరిచిన తలుపు ముందు కళ్ళు మూసుకుని పడుకోవాలి.

ఖాతాలోకి పోవాలంటే రిజిస్టరు చేసిన నంబరుకు ఓటీపీ వస్తుంది. టెక్నీషియన్ను పిలిచి ఫోను ఇమ్మన్నాను. మెడ గోక్కున్నాడు.

"ఆ సిమ్ము పారేస్తినక్కా. ఇంగో కంపెనీ వాడు నెట్టు ఫ్రీగా ఇస్తాననె."

మా వైపు మనుషులకు సిమ్ము మార్చడం చొక్కా మార్చినంత సులువు. ఎంత ముఖ్యమైనది దానికి తగిలించి ఉన్నా సరే.

కంపెనీ కస్టమర్ కేరుకు ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక ఒక అబ్బాయి వచ్చాడు. నంబరు మార్చాలంటే పాత నంబరుకు ఓటీపీ వస్తుంది మేడమ్, అది చెప్పండి అన్నాడు. నాయనా, పాత నంబరు మా దగ్గర లేదు కాబట్టే మార్చమంటున్నాను అన్నాను. అర్థమైంది మేడమ్, పాత నంబరుకు ఓటీపీ పంపుతున్నాం అన్నాడు. రోజూ ఒక కొత్త అబ్బాయి, రోజూ అదే మాట. మంచం మీద మనిషి ఉన్నాడని చెప్పాను. మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అన్నారు. చింతించేవాళ్ళకు కూడా జీతమిచ్చి పెట్టుకున్నారు, తాళం తీసేవాడిని మాత్రం పెట్టుకోలేదు. తల ప్రాణం తోకకు వచ్చింది.

ఓనరుకు చెబితే, "దానికింత తిప్పలు యాల? కొత్తది అమ్మేస్తే సరిపాయె గదా" అన్నాడు.

పారేసిన నంబరును ఫోను కంపెనీ కొన్నాళ్ళకు ఇంకొకరికి ఇస్తుంది కదా. ఇక మిగిలింది అది ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో వాళ్ళను అడగడమే. చేశాను. ఎవరో ఆడమనిషి ఎత్తింది. అమ్మా, మీ ఫోనుకు ఒక ఓటీపీ వస్తుంది, అది కొంచెం మాకు అని ఇంకా నా మాట పూర్తి కాలేదు.

"ఏంది, ఈ పొద్దు ఇంగా ఎవురూ అడగలేదే అనుకుంటాండా" అని పెట్టేసింది.

టెక్నీషియను ఫోనుతో చేశాను, తిట్టి పెట్టేసింది. పక్కన ఫ్యాన్సీ షాపు వాళ్ళ ఫోనుతో చేశాను. ఈసారి కాస్త మాట్లాడింది.

"ఒగసారి సెప్పి బ్యాంకులో ఉండేదంతా పోగొట్టుకుంటి. ఇంగ నా తోడబుట్టినోడు అడిగినా సెప్పను. గమ్మున పెట్టెయ్ ఫోను."

ఏమనగలను? ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని నేనే ఎంతమంది ముసలివాళ్ళకు చెప్పి పంపలేదు? ఆమె చేస్తున్నది ముమ్మాటికీ సరైన పని, అది మా ప్రాణానికి వచ్చింది. ఎదురుగా వచ్చి అడిగితే చెబుతావా అమ్మా అన్నాను.

"రా అట్లయితే. మొగం సూసి సెప్తా. కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీ కాంటీన్లో వంట సేస్తా" అంది.

మర్నాడే గడువు. కుప్పంలో ఒకరికి ఇన్వర్టరు బ్యాటరీ ఇవ్వాల్సి ఉంటే, ఆ వంకన షాపు వ్యాను తీసుకుని పొద్దున్నే బయల్దేరాం. టెక్నీషియను నడుపుతుంటే నేను పక్కన కూర్చుని అతన్ని తిట్టడం మొదలుపెట్టాను. పుంగనూరు దాటేదాకా సిమ్ము గురించి తిట్టాను, గంగవరం దాకా గదుల గురించి తిట్టాను. పలమనేరు వచ్చేసరికి నాకే విసుగు పుట్టింది. అక్కడ ఆపి నాకు టీ ఇప్పించి, "ఇంగ కుప్పందాకా ఏం తిడతావక్కా, ఏం మిగల్లేదే" అన్నాడు. మిగిలింది కంపెనీ. దాన్ని ఇద్దరం కలిసి తిట్టుకుంటూ పోయాం.

కాంటీను రేకుల షెడ్డు. గిన్నెలూ బల్లలూ చెట్ల ఆకులూ అన్నింటి మీదా రాతిపొడి తెల్లగా పేరుకుని ఉంది. ఆమెకు యాభై దాటి ఉంటాయి, కొంగు నడుముకు దోపి పెద్ద అన్నం డేక్సా తోముతోంది. మమ్మల్ని చూసి, చెయ్యి తుడుచుకుని, నన్ను వదిలేసి టెక్నీషియను ముందుకు వచ్చి నిలబడింది.

"ఈ నంబరు ముందర నీదా?"

"అవునక్కా."

"అయితే ఈ మెసేజీలు నీయేనా?"

ఫోను తెరిచి చూపించింది. నేను వంగి చూశాను. మీ తలుపు తెరుచుకుంది. మీ తలుపు మూసుకుంది. తెరుచుకుంది. మూసుకుంది. ఎంత పైకి జరిపినా అవే. తాళం తీసినప్పుడల్లా ఖాతా యజమానికి కబురు పోతుందన్న సంగతి అప్పటిదాకా మాకు తట్టనే లేదు.

"మా పాప సదివి సెప్పింది" అందామె. "ఎవుడో మా ఇంటి తలుపు తీస్తాండాడని గుండె జారిపాయె. డ్యూటీ ఇడిసిపెట్టి ఇంటికి పరిగెత్తితి, తాళం ఏసింది ఏసినట్టే ఉండాది. రెండు తాళాలు మారిస్తి. మారిస్తే మాత్రం? మెసేజీ వస్తానే ఉండాది. దయ్యమో, దొంగో తెలీదు. తర్వాత్తర్వాత అలవాటైపాయె. పొద్దున ఒగసారి, మద్యాన్నం ఒగసారి, సాయంత్రం ఒగసారి. ఒగ్గొగ పొద్దు మద్యాన్నం రాదు. రాకుంటే నాకు నిమ్మళంగా ఉండాల గదా? ఉండదు. ఆ ఇంట్లో ఏమయిందో అని ఒగటే దిగులు."

అది ఎవరి తలుపో, ఎందుకు తెరుచుకుంటుందో నేను చెప్పాను. లారీ సంగతి, మంచం సంగతి, ఈ సాయంత్రంతో గడువు తీరిపోతున్న సంగతి అన్నీ చెప్పాను. ఆమె కదలకుండా విన్నది. విని, డేక్సా బోర్లించింది.

"కత బాగుండాది. బ్యాంకు పేరు సెప్పినోడు గూడా ఇట్లే బాగా సెప్పినాడు. ఆ తలుపు నాకు సూపించు. సూసి సెప్తా."

మేస్త్రీని అడిగి పర్మిషను తీసుకుంది. ముఖం కడుక్కుని, చీర మార్చుకుని, వ్యాను వెనక సామాన్ల సంచుల మధ్య కూర్చుంది. వచ్చిన దారినే మళ్ళీ వెనక్కి. ఒకరిని నమ్మించడానికి మూడు ఊళ్ళ మధ్య ఇలా తిరుగుతున్నందుకు నాకు ఏడుపొచ్చేంత విసుగ్గా ఉంది. అయినా ఆమె మీద మాత్రం కోపం రాలేదు. ఆ రోజంతా తన పని తాను సరిగ్గా చేసిన మనిషి ఆమె ఒక్కతే.

పుంగనూరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆయన భార్య ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. తలుపు తట్టాను. ఎవరని లోపలి నుంచి అడిగాడు. నేనప్పా, కౌంటరక్కను అన్నాను. 'డోర్ ఓపెన్' అన్న గొంతు వినబడింది. గడియ జరిగింది. కుప్పం ఆమె చేతిలో ఫోను టింగుమంది. ఆమె ఫోనును చూసింది, తలుపును చూసింది, మళ్ళీ ఫోనును చూసింది. వెంటనే లోపలికి రాలేదు. గడప దగ్గర నిలబడి తలుపు చెక్క మీద చెయ్యి వేసి, "ఇదేనా" అంది.

లోపలికి వచ్చాక ఆయన మంచం దగ్గరికి పోయింది. "నువ్వేనా నాయనా, ఇన్నాళ్ళు నన్ను నిద్ర పోనీకుండా సేసింది?"

"నేనేం సేస్తినక్కా?" అన్నాడాయన బిత్తరపోయి. ఎవరీమె అని కళ్ళతోనే నన్ను అడిగాడు. చెబితే నవ్వాడు. ఆమె మాత్రం నవ్వలేదు, కుర్చీ లాక్కుని కూర్చోబోయి, ఆగి, "కూసోవచ్చునా?" అని ఆయన్ను అడిగి కూర్చుంది.

టెక్నీషియను యాప్ తెరిచి ఓటీపీ పంపమని నొక్కాడు. ఫోను మోగింది. ఆమె తెరమీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని అంకెలు కూడబలుక్కుంది. టెక్నీషియన్ను పక్కకు పొమ్మని, నా చెవిలో చెప్పింది. నేను అతనికి పైకి చదివి చెప్పాను. ఆమె పద్ధతి ఆమెది.

ఖాతా తెరుచుకుంది. మా గదులన్నీ వరసగా కనబడ్డాయి. ఒప్పుకుంటున్నామని నొక్కాం. అప్పుడు తెరమీద ఇంకో మాట వచ్చింది. ఒక ఖాతాకు ఒక ఇల్లు, ఒక ఇంటికి ఒక డబ్బాకే ఈ అప్‌డేట్ ఇస్తాం. ఏ డబ్బాకు కావాలో ఒకదాన్ని ఎంచుకోండి.

"ఇల్లు ఒగటే గదక్కా మనది" అన్నాడు టెక్నీషియను. "ఓనరుకు ఒగ మాట సెప్పకుంటే నన్ను బతకనియ్యడు" అని వెంటనే ఫోను కలిపాడు. గాబరాలో స్పీకరు నొక్కేశాడు. ఓనరు గొంతు గదంతా నిండింది.

"ఇందులో ఆలోసించేదేముండాది? కాంట్రాక్టరు బంగళాకు పెట్టెయ్. కళ్యాణ మంటపం వైరింగు పని ఆయన సేతిలో ఉండాది. పుంగనూరాయనకు నిదానంగా కొత్తది అమ్ముదాం."

ఫోను ఆగింది. మంచం మీద ఆయన నా వైపు కళ్ళు తిప్పాడు.

"ఇచ్చెయ్యండక్కా" అన్నాడు. "పాపం, కర్టెన్లు ఆయన సేత్తో ఆయనే లాక్కోవాలంటే ఎంత కష్టం."

నవ్వకుండా అన్నాడు. నాకు నవ్వూ కోపమూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ఎక్కడో కూర్చుని ఒక్క డబ్బాకే దయ చూపించే కంపెనీ మీద, నిదానంగా అమ్ముదామన్న ఓనరు మీద, మూడు ఊళ్ళను ఒకే ఇల్లు చేసిన ఈ మహానుభావుడి మీద, అన్నీ తెలిసీ ఆ కౌంటరు వెనక కూర్చుని ఏళ్ళ తరబడి ఊ కొట్టిన నామీద కూడా. టెక్నీషియను వేలు కాంట్రాక్టరు గది వైపు పోతోంది. అతనికి బడికి పోయే పిల్లలున్నారు.

"ఫోను ఇట్లియ్యి. నేనెట్లాగూ దీపావళికి పని మానేసేదాన్ని. ఎవురు నొక్కినారంటే నా పేరు సెప్పు" అన్నాను.

పుంగనూరు గదిని ఎంచుకుని నొక్కాను.

డబ్బా మీది తెల్ల లైటు ఎర్రగా మారింది, తర్వాత మొత్తానికే ఆరిపోయింది. అదే సమయానికి ఆయన భార్య డైరీ నుంచి వచ్చింది. ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది, గదిలో మనుషులు గోడకేసి చూస్తున్నారు, డబ్బాలో వెలుగు లేదు. టిఫిను సంచి చేతిలో పట్టుకునే గోడకు ఆనుకుని నేలమీద కూర్చుండిపోయింది. ఆ కాసేపు నేను పడిన యాతన పగవాళ్ళకు కూడా వద్దు.

లైటు వచ్చింది. టెక్నీషియను ఇంటర్నెట్ వైరు పీకేసి, తలుపు దగ్గరికి వేశాడు.

"ఇప్పుడు సెప్పన్నా."

"డోర్ క్లోజ్" అన్నాడాయన. ఏమీ కాలేదు. మళ్ళీ అన్నాడు. కాలేదు. ఆయన భార్య కళ్ళు మూసుకుంది. మూడోసారి కాస్త గట్టిగా, లారీ క్లీనరును పిలిచినట్టు పిలిచాడు. తలుపుకు గడియ పడింది.

కుప్పం ఆమె ఫోను మోగలేదు. "ఇంగ రాదా?" అని అడిగింది. రాదక్కా అన్నాడు టెక్నీషియను. "పీడ పాయె" అంది. అన్నదే కానీ ఫోను సంచిలో పెట్టుకోలేదు. కాసేపటికి మంచం వైపు తిరిగి, "ఒగ్గొగ పొద్దు నువ్వే ఫోన్ సేసి సెప్పు నాయనా, బాగుండానని" అంది.

"సేస్తాలేక్కా. నంబరు?"

"నాకు నోటికొచ్చు" అన్నాడు మా టెక్నీషియను. ఆయన భార్యకు అప్పుడు నవ్వొచ్చింది.

మర్నాటి నుంచి నా కౌంటరు దగ్గర సంత. డబ్బా మాట వినడం లేదని ఒకరు, లైట్లు ఆరడం లేదని ఒకరు. కాంట్రాక్టరు బంగళాలో కర్టెన్లు సగం మూసి సగం తెరిచి ఆగిపోయాయట, ఆయన మనిషిని పంపించి తిట్టించాడు. కళ్యాణ మంటపం పని వేరే షాపుకు పోయింది. ఓనరు నాతో మాట్లాడటం మానేశాడు. నా చివరి రోజున స్వీటు డబ్బా ఒకటి టేబులు మీద పెట్టి, ఫోన్ వచ్చినట్టు బయటికి పోయాడు. స్వీట్లు బాగున్నాయి, అబద్ధం చెప్పకూడదు. ఆ కాంట్రాక్టరు ఇంకో కంపెనీ డబ్బాలు పెట్టించుకున్నాడని, వాటికి జీవితకాలం గ్యారంటీ అని విన్నాను. ఎవరి జీవితకాలమో కాగితం మీద రాయించుకున్నాడో లేదో తెలియదు.

పిల్లలూ, ఎవరింటి ఖాతా వాళ్ళ పేరుతోనే తెరవండి. గంట ఆలస్యమైనా సరే. అమ్మే ముందు, కంపెనీ మానేస్తే ఇది ఇంట్లో దానంతట అది పనిచేస్తుందా అని అడగండి. జవాబు చెప్పరు, అయినా అడగండి. విసుగు వాళ్ళకూ కలగాలి కదా.

పోయిన నెల చుట్టాలింటికి సోమల పోతూ దారిలో పుంగనూరులో దిగాను. ఒక డజను అరటిపండ్లు కొనుక్కుని, మిట్టమధ్యాహ్నం ఎండలో నడుచుకుంటూ వాళ్ళింటికి పోయాను. ఎంత కష్టపడి నిలబెట్టిన తలుపో, ఒకసారి చూసి పోదామని. తట్టాను.

"ఎవురు?"

"నేనప్పా. మదనపల్లె కౌంటరక్కను."

గడియ జరుగుతుందని చూస్తున్నాను.

"ఇప్పుడు తియ్యనక్కా" అన్నాడు. "నిద్దరొస్తాండాది. సాయంత్రం రా."

ఆ ఎండలో, చేతిలో అరటిపండ్లతో, ఆ మూసిన తలుపు ముందు నిలబడి నాకు ఒక్క క్షణం ఒళ్ళు మండింది. ఏమప్పా, ఇంత దూరం వచ్చినానే అనబోయి ఆగిపోయాను. సరేలేప్పా, పడుకో అన్నాను. పండ్ల సంచి తలుపు పిడికి తగిలించి బస్టాండుకు నడిచాను. సగం దారిలో నవ్వు మొదలైంది, బస్సు ఎక్కేదాకా ఆగలేదు.